గాలిదారులు – 9: జాస్క్ దాటాక జాడ లేదు

1940 మార్చి 1న ఇరాన్ దక్షిణ తీరంలోని జాస్క్ నుంచి ఓ నాలుగు ఇంజన్ల విమానం పడమటి దిక్కుగా లేచింది. పేరు హానిబాల్. ఇంపీరియల్ ఎయిర్‌వేస్ కంపెనీది. దిగాల్సిన చోటు షార్జా. దారిలో ముందు ఒమన్ సింధుశాఖ, అది దాటితే రాతి కొండలు, ఆ కొండల అవతల ఇసుక. అంతా కలిపి సుమారు 240 కిలోమీటర్లు. సీతంపేట నుంచి కాకినాడకు పక్షి వెళ్లే దారిన కొలిస్తే ఇంచుమించు అంతే వస్తుంది. గాలి ఎదురు కొట్టకపోతే గంటన్నర పని. లోపల నలుగురు సిబ్బంది, నలుగురు ప్రయాణికులు. విమానం షార్జా చేరలేదు. వెతికారు. రెక్క ముక్క గానీ, తపాలా సంచి గానీ, మనిషి గానీ దొరకలేదు. ఎనభై ఏళ్లు దాటినా దొరకలేదు.

ఆ నలుగురు ప్రయాణికుల్లో ఒకరు సర్ ఏ.టి. పన్నీర్‌సెల్వం. తంజావూరు ప్రాంతపు బారిస్టరు, జస్టిస్ పార్టీ నాయకుడు, గోల్‌మేజ్ సమావేశాలకు వెళ్లొచ్చిన మనిషి. ఇంకొకరు హెరాల్డ్ విస్లర్, మొదటి ప్రపంచ యుద్ధంలో 23 శత్రు విమానాలను కూల్చినట్టు లెక్కకెక్కిన బ్రిటిష్ పైలట్. యుద్ధమంతా గాల్లో పోరాడి బతికి బయటపడ్డవాడు చివరికి మామూలు ప్రయాణికుడిగా సీట్లో కూర్చుని పోయాడు.

సీతంపేటలో కూర్చుని అరేబియా ఎడారి తీరం గురించి రాయడమేమిటని ఈ వరుస చదివేవాళ్లు అడగొచ్చు. జవాబు తేలికే. అప్పుడు ఈ కొండలు, కింద పాలకొండ, ఆ పైన తంజావూరు అన్నీ ఒకే మద్రాసు రాజధాని. 1937 ఏప్రిల్ నుంచి జూలై వరకు మూడున్నర నెలలు నడిచిన తాత్కాలిక మంత్రివర్గానికి మన గోదావరి సీమవాడు కూర్మా వెంకటరెడ్డి నాయుడు ప్రధాని. అందులో హోం, ఆర్థిక శాఖలు పన్నీర్‌సెల్వం చేతిలో ఉండేవి. అంటే శ్రీకాకుళం వైపు పోలీసు ఠాణా ఖర్చు కాగితం కూడా ఆయన శాఖ కిందికే వచ్చేది. అంతకుముందు ప్రధాని ఎవరంటే ఇక్కడికి కూతవేటు దూరంలోని బొబ్బిలి రాజా. ఆ ఏడాది ఎన్నికల్లో సొంత గడ్డ బొబ్బిలిలోనే వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు గనకే కూర్మా వారికి ఆ కుర్చీ దక్కింది. కాంగ్రెస్ గెలిచి కూడా మంత్రివర్గం ఏర్పాటు చేయడానికి కొన్నాళ్లు తటపటాయించడం మరో కారణం. ఇక ఈ రోజుల మాటకొస్తే, ఉద్దానం పల్లెల్లో షార్జా తెలియని ఇల్లు వెతకాలి. వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లుగా వెళ్లిన కుర్రాళ్లు ఆ ఊరి వీధుల పేర్లు పలాస వీధుల పేర్లంత సులువుగా చెబుతారు. వాళ్లు దిగే తీరం మీదే ఈ భాగం కథంతా.

కిందటి భాగంలో 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి తపాలా తెచ్చిన సంగతి చెప్పుకున్నాం. బొంబాయి నుంచి నెవిల్ విన్సెంట్ ఆ సంచుల్ని బళ్లారి మీదుగా మద్రాసు చేర్చాడు. అయితే కరాచీకి ఆ ఉత్తరాలు ఎలా వచ్చాయి? లండన్ నుంచి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ తెచ్చింది. దానికి సరిగ్గా పది రోజుల ముందు, అక్టోబర్ 5న, అదే కంపెనీ విమానం హన్నో మొదటిసారి షార్జా ఇసుకలో దిగింది. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టుకుంటే తప్ప మన ఎయిర్ మెయిల్ కథ పూర్తికాదు. టాటాల పుస్ మాత్ విమానం బొమ్మ మనవాళ్లందరికీ తెలుసు. ఆ సంచి అంతకుముందు దాటొచ్చిన ఎడారి మాత్రం ఎవరికీ పట్టదు.

ఆ దారి మొదట సైనికులది. 1921లో కైరో, బాగ్దాద్‌ల మధ్య రాయల్ ఎయిర్ ఫోర్స్ తపాలా నడపడం మొదలుపెట్టినప్పుడు ఎడారిలో గుర్తుపట్టడానికి ఏమీ లేదు. ఊరు లేదు, చెట్టు లేదు, రైలు పట్టా లేదు. అందుకని నేల మీదే గుర్తు వేశారు. కార్లు నడిపి చాళ్లు పడేలా చేశారు, నేల గట్టిగా ఉన్నచోట ట్రాక్టరుతో దున్నించారు. వందల మైళ్ల పొడవున ఒకే ఒక్క చాలు. పైలట్ ఆ గీత చూసుకుంటూ పోవాలి. గీత తప్పితే దిగిపోయి వెతికేవాళ్ల కోసం కూర్చోవాలి.

ఇంపీరియల్ ఎయిర్‌వేస్ 1929 మార్చి 30న లండన్–కరాచీ సర్వీసు తెరిచింది. ఏడు రోజులు. అందులోనూ యూరప్‌లో కొంత మేర రైలెక్కాలి, మధ్యధరా సముద్రం నీళ్ల మీద దిగే విమానంలో దాటాలి, ఈజిప్టులో మళ్లీ విమానం మారాలి. బస్రా దాటాక పర్షియా (నేటి ఇరాన్) తీరం వెంబడి బుషెహర్, లింగే, జాస్క్, గ్వాదర్, అక్కణ్నుంచి కరాచీ. గ్వాదర్ అప్పటికి ఒమన్ సుల్తానుది. పాకిస్తాన్ చేతికి వచ్చింది 1958లో.

సర్వీసు మొదలై ఆరు నెలలైనా కాలేదు, జాస్క్‌లో మొదటి దెబ్బ తగిలింది. 1929 సెప్టెంబర్ మొదటి వారం. డి హావిలాండ్ హెర్క్యులిస్ రకం విమానం, పేరు సిటీ ఆఫ్ జెరూసలెం, చీకట్లో దిగబోయి కూలి కాలిపోయింది. ముగ్గురు చనిపోయారు. పైలట్ పేరు ఆల్బర్ట్ వుడ్‌బ్రిడ్జ్. ఆ పేరు వెనక ఒక కథ ఉంది. 1917 జూలై 6న బెల్జియం ఆకాశంలో జరిగిన పోరులో, రెడ్ బారన్‌గా లోకమంతా ఎరిగిన జర్మన్ యోధుడు రిక్తోఫెన్ తలకు తూటా తగిలి కొద్దిలో బతికాడు. ఆ తూటా ఎదుటి విమానంలో గన్నరుగా ఉన్న వుడ్‌బ్రిడ్జ్‌దని చరిత్రకారులు రాస్తారు. అంతటి మనిషి ప్రాణం తీసింది తుపాకీ కాదు. రాత్రిపూట సరైన దీపాలు లేని ఒక ఇసుక మైదానం.

ఇక్కడ ఒక్క మాట. ఆ కాలపు ప్రమాదాలంటే మనకు తుపాను, ఉరుములు, మెరుపులు గుర్తొస్తాయి. ఎడారి తీరంలో మనుషుల్ని చంపినవి ఎక్కువగా చిన్న చిన్న సంగతులు: చీకటి, దుమ్ము, పెట్రోలు.

దుమ్ము సంగతి మనవాళ్లకు టీవీలో చూసిన అనుభవమే. 1998 ఏప్రిల్ 22న షార్జాలో టెండూల్కర్ ఆస్ట్రేలియా మీద 143 కొట్టిన మ్యాచ్ గుర్తుందా? మధ్యలో ఇసుక గాలి లేచి ఆట ఆగిపోయింది. ఆటగాళ్లు నేల మీద బోర్లా పడుకున్నారు. స్టేడియం ఫ్లడ్ లైట్లు కూడా మసకబారాయి. అలాంటి గాలిలో, రాడార్ లేని 1930లలో, గంటకు 160 కిలోమీటర్లు పోయే విమానం నేలను వెతుక్కోవాలి. అక్కడి వాయవ్య గాలిని అరబ్బులు షమాల్ అంటారు. అది లేస్తే సముద్రం, ఇసుక, ఆకాశం ఒకే రంగులోకి వస్తాయి. తీరం గీత పట్టుకుని పోవడమే పైలట్‌కు తెలిసిన విద్య. ఆ గీతే చెరిగిపోతుంది.

పెట్రోలు సంగతి ఇంకా చిన్నది, ఇంకా పెద్దది. మజిలీల్లో పెట్రోలు రేకు డబ్బాల్లో వచ్చేది. డబ్బా మూత కోసి, పెద్ద గరాటులో మెత్తటి తోలు పరిచి, దాని గుండా టాంకులోకి వంపేవారు. తోలు పెట్రోలును దిగనిచ్చి నీటిని పైన ఆపుతుంది. ఎండకు కాగి రాత్రి చల్లబడే డబ్బాలో నీటి చెమ్మ చేరడం మామూలే. ఆ చెమ్మ కార్బురేటరులోకి వెళ్లిందంటే ఇంజను దగ్గి ఆగుతుంది. డబ్బా తర్వాత డబ్బా, ఓపిగ్గా, మండే ఎండలో వంపుతూ పోవాలి. వందల లీటర్లు. ప్రయాణికులు ఆ సమయంలో విశ్రాంతి గదిలో టీ తాగేవారు.

పెట్రోలు అయిపోతే ఏమవుతుందో 1935 డిసెంబర్ 31న అలెగ్జాండ్రియా దగ్గర తెలిసింది. సిటీ ఆఫ్ ఖార్టూమ్ అనే నీటి విమానం క్రీట్ దీవి వైపు నుంచి ఈజిప్టు తీరానికి వస్తోంది. పొద్దు గుంకింది. రేవు దీపాలు కనిపిస్తున్నాయి. ఇంకో రెండు మూడు నిమిషాలైతే దిగిపోయేవారే. మూడు ఇంజన్లూ దాదాపు ఒకేసారి ఆగిపోయాయి. విమానం నీళ్లను గుద్దుకుంది. 13 మందిలో 12 మంది పోయారు. పైలట్ విల్సన్ ఒక్కడే గంటల తరబడి నీళ్లలో తేలి ఉండగా బ్రిటిష్ యుద్ధనౌక ఒకటి చీకట్లో చూసి ఎత్తుకుంది. విచారణలో తేలింది ఒక్కటే: ఇంజన్లు అనుకున్నదానికంటే ఎక్కువ పెట్రోలు తాగాయి, టాంకులు ఖాళీ అయ్యాయి. ఆ విమానం నుంచి తీసిన తపాలా ఉప్పునీట నానింది. ఉత్తరాలు ఆరబెట్టి, సముద్రపు నీటికి పాడైనవని ముద్ర కొట్టి, అడ్రసుదారులకు పంపారు. కొత్త సంవత్సరం శుభాకాంక్షలు కొన్ని అలా చేరాయి.

ఈ మధ్యలోనే దారి మారింది. పర్షియాలో రెజా షా ప్రభుత్వం తమ తీరం మీదుగా బ్రిటిష్ విమానాలు ఎగరడానికి ఇచ్చిన అనుమతి 1932లో ముగిసింది. కావాలంటే దేశం మధ్యలోంచి పొమ్మన్నారు. అక్కడ ఎత్తయిన పర్వతాలు. అంత ఎత్తుకు ఆ విమానాలు ఎక్కలేవు. పర్షియాను ఇందులో తప్పుపట్టలేం. సొంత ఆకాశం మీద పెత్తనం తమదేనని చెప్పుకోవడం ఏ దేశానికైనా హక్కే. బ్రిటిష్ వాళ్లు గల్ఫ్‌కు ఇవతలి గట్టున, అరబ్ తీరంలో చోటు వెతుక్కున్నారు. షార్జా షేక్ సుల్తాన్ బిన్ సఖర్ అల్ ఖాసిమీ 1932 జూలైలో ఒప్పందం మీద సంతకం పెట్టాడు. అద్దె రూపాయల్లో. గల్ఫ్‌లో అప్పుడు చెలామణి అయ్యేది మన రూపాయే. అక్కడి బ్రిటిష్ రాజకీయ అధికారులు జవాబు చెప్పుకునేదీ భారత ప్రభుత్వానికే. ఈనాడు రూపాయలు సంపాదించడానికి దినార్లు, దిర్హాములు వెతుక్కుంటూ వెళ్తున్నాం. ఆనాడు ఆ ఇసుకలో రూపాయే దొర.

విమానాశ్రయమంటే పెద్దగా ఊహించుకోకండి. చదును చేసిన ఇసుక, ఒక మట్టికోట. కోటకు మందమైన గోడలు, తుపాకులు పట్టుకున్న కావలి మనుషులు, లోపల ప్రయాణికులకు పడక గదులు, భోజనాల హాలు. రాత్రికి తలుపులు మూసేవారు. 1937లో ఈ మజిలీ మీదే ‘ఎయిర్ అవుట్‌పోస్ట్’ అనే చిన్న డాక్యుమెంటరీ తీశారు.

ఇప్పుడు హానిబాల్ దగ్గరికి వద్దాం. హ్యాండ్లీ పేజ్ కంపెనీ తయారీ, హెచ్.పి. 42 రకం. మొత్తం ఎనిమిదే కట్టారు, అన్నింటి పేర్లూ ఇంగ్లీషు హెచ్ అక్షరంతోనే. 1930 నవంబర్ 14న మొదట గాల్లోకి లేచింది హానిబాలే. 1931 జూన్‌లో ప్రయాణికులను ఎక్కించుకోవడం మొదలుపెట్టింది. అదే ఏడాది ఇక్కడ పర్లాకిమిడి చిన్న రైలు గుణుపూర్ దాకా సాగింది. కాలం ఒకటే, వేగాలు వేరు. అయితే ఆ విమానం వేగాన్ని మరీ పొగడాల్సిన పనేమీ లేదు. రెండు అంతస్తుల రెక్కలు, 39 మీటర్లకు పైగా వెడల్పు. పై రెక్కకు రెండు ఇంజన్లు, కింది రెక్కకు రెండు. వెనక పెట్టెలాంటి తోక. లోపల మాత్రం తివాచీలు, కిటికీలకు తెరలు, స్టూవర్డు వడ్డించే వేడి భోజనం. ఇంజన్ల మోత ఎక్కువగా వినిపించే నడిమి భాగంలో సామాన్లు, మరుగుదొడ్డి పెట్టి, ప్రయాణికులను ముందూ వెనకా కూర్చోబెట్టారు. బాగానే ఆలోచించారు. ఎదురుగాలి గంటకు 60 కిలోమీటర్లు వీచిందంటే మాత్రం నేల మీద అది పోయే వేగం 100 కిలోమీటర్లే. మన హైవే మీద కారు దాన్ని దాటిపోతుంది.

అయినా జనం దాన్ని నమ్మారు. యుద్ధానికి ముందు ఆ ఎనిమిదింటిలో ఒక్క ప్రయాణికుడి ప్రాణమూ పోలేదు. అప్పటి వైమానిక లోకంలో అది మామూలు మాట కాదు. డచ్చి వాళ్ల కె.ఎల్.ఎం. కొత్త తరం డగ్లస్ విమానాలతో దూసుకుపోతుంటే, వాటిలో ఒకటి, మెల్‌బోర్న్ పందెంలో రెండో స్థానం కొట్టిన వుయివర్, 1934 డిసెంబర్‌లో ఇరాక్‌లోని రుత్బా దగ్గర ఎడారిలో కూలి ఏడుగురూ పోయారు. నిదానమే క్షేమమని ఇంపీరియల్ వాళ్లు అనుకోవడానికి కారణం ఉంది. కానీ 1940 నాటికి లెక్క మారింది. డచ్చి వాళ్లు డి.సి. 3లతో ఇదే దారిలో ఇంచుమించు రెట్టింపు వేగంతో తిరుగుతున్నారు. హానిబాల్ మాత్రం తొమ్మిదేళ్ల పాత ఇంజన్లతో, రెండంతస్తుల రెక్కలతో ఇంకా పనిలోనే ఉంది. యుద్ధం వచ్చి కొత్త విమానాలన్నీ సైన్యానికి పోతున్న రోజులు.

పన్నీర్‌సెల్వం లండన్ వెళ్తున్నది భారత వ్యవహారాల మంత్రి దగ్గర సలహాదారుగా చేరడానికి. ఆయన బయల్దేరిన సమయం గమనించాలి. 1939 అక్టోబర్‌లో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. బడుల్లో హిందీని తప్పనిసరి చేసిన ఉత్తర్వును గవర్నరు 1940 ఫిబ్రవరి 21న వెనక్కి తీసుకున్నారు. ఆ ఉత్తర్వు మీద పోరాడిన ముఖ్యుల్లో పన్నీర్‌సెల్వం ఒకరు. గెలుపు చేతికొచ్చిన వారం పది రోజులకే ఆయన లేరు.

జాస్క్ నుంచి షార్జాకు తిన్నగా పోతే ముందు సముద్రం, తర్వాత ముసందం వైపు నుంచి దిగే హజర్ కొండలు. ఇక్కడి నుంచి చూస్తే మనకు పెద్దదిగా కనిపించే మహేంద్రగిరి 1501 మీటర్లు. ఆ వరసలో జెబెల్ జైస్ 1900 మీటర్లకు పైనే. మన కొండల్లా పచ్చగా ఉండవు. పోడు లేదు, వాగు లేదు, మనిషి అలికిడి తక్కువ, అంతా బోడి రాయి. విమానం అక్కడ పడి ఉంటే ఎప్పటికైనా ఏ మేకల కాపరికో కనపడేది. అందుకే సముద్రంలోనే పడిందని నా లెక్క. పెట్రోలు అందక ఇంజన్లు ఆగాయని కొందరు, పక్షి తగిలి ప్రొపెల్లరు విరిగిందని కొందరు ఊహించారు. శిథిలమే లేనప్పుడు ఏ ఊహకూ రుజువు ఉండదు.

మద్రాసులో జస్టిస్ పార్టీకి అది కోలుకోలేని దెబ్బ. పార్టీ నాయకుడు పెరియార్‌కు కుడిభుజం పోయింది. ఈరోడ్‌లో ఆయన పేరిట పన్నీర్‌సెల్వం పార్కు ఉంది. తమిళులు ఆయన్ను ఇప్పటికీ తలుచుకుంటారు. మన వైపు జస్టిస్ పార్టీ చరిత్ర రాసేవాళ్లు పానగల్లు, బొబ్బిలి, కూర్మా దగ్గరే ఆగిపోతారు. కూర్మా వారి మంత్రివర్గంలోని ఈ సహచరుడి పేరు కనపడదు. మిగతా వాళ్ల సంగతి సరే, నలుగురు సిబ్బంది పేర్లు తమిళ పుస్తకాల్లోనూ ఉండవు.

హానిబాల్ పోయిన 18 రోజులకు ఇంగ్లండులో గాలివాన వచ్చి నేల మీద కట్టి ఉంచిన హన్నో, హెరాక్లీస్ రెండూ తునాతునకలయ్యాయి. షార్జా ఇసుకను మొదట తాకిన హన్నో అలా పోయింది. నెల తిరిగేసరికి, ఏప్రిల్ 1న, ఇంపీరియల్ ఎయిర్‌వేస్ పేరే లేకుండా పోయి బి.ఓ.ఏ.సి. వచ్చింది. మరుసటి ఏడాదికి ఎనిమిది విమానాల్లో ఒక్కటీ మిగల్లేదు.

తీరం మాత్రం బలి తీసుకోవడం మానలేదు. 1943 ఫిబ్రవరిలో ఫుజైరా తీరంలోని ధద్నా దగ్గర ఒక వెల్లింగ్టన్ బాంబరు కూలి ఒక యువ సార్జంటు పోయాడు. 1950 జూన్ 12న, మళ్లీ 14న, అంటే రెండు రోజుల తేడాతో, సైగాన్ నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ డి.సి. 4లు రెండు, కరాచీ దాటి బహ్రెయిన్‌లో దిగబోతూ రాత్రివేళ సముద్రంలో పడ్డాయి. మొదటిదానిలో 46 మంది, రెండోదానిలో 40 మంది పోయారు. చీకటి, నల్లటి నీళ్లు, ఎత్తు అంచనా తప్పడం. విచారణ జరిపినవాళ్లు చివరికి అడిగింది రన్‌వేకు మంచి దీపాలు, దిగేటప్పుడు దారి చూపే రేడియో సాధనాలు. 1929లో జాస్క్ దగ్గర వుడ్‌బ్రిడ్జ్‌కు కావలసినదీ ఆ దీపాలే. ఇరవై ఒక్క ఏళ్లు పట్టింది అడగడానికి.

షార్జాలో పాత రన్‌వే మీద ఇప్పుడు కింగ్ అబ్దుల్ అజీజ్ వీధి ఉంది. దాని పక్కనున్న మట్టికోట అల్ మహట్టా మ్యూజియం. అక్కడ పనిచేసే మనవాళ్లు సెలవు రోజున ఒకసారి వెళ్లి చూడొచ్చు.

పాఠకులకు ఒక విన్నపం. పార్వతీపురం, పాలకొండ, బొబ్బిలి, టెక్కలి వైపు పాత జమీందారీ ఉద్యోగుల ఇళ్లలో, మిషన్ బంగళాల్లో 1930ల నాటి విదేశీ ఉత్తరాలు ట్రంకు పెట్టెల్లో ఇంకా ఉండవచ్చు. స్టాంపు కోసం కవరు కత్తిరించకండి. కవరు వెనక కరాచీ ముద్ర, తేదీ ఉంటే ఆ ఉత్తరం ఏ వారం విమానంలో ఏ దారిన వచ్చిందో లెక్క కట్టవచ్చు. ఉప్పునీటి మరకలున్న కవరైతే అసలే పారేయకండి.

వచ్చే భాగం: 1942 ఏప్రిల్ 6, విశాఖ మీద జపాను విమానాలు.